కాఫీ మానేసిన రోజు

డైటీషియన్ గారు నా తిండీ, నొప్పీ రాసే మా నోట్‌బుక్ పక్కన నా రిపోర్టు పెట్టారు. "మూడు నెలలుగా రోజూ 'నొప్పి లేదు' అని రాశారు. లోపల చూస్తే పేగు వాపు తగ్గలేదు సరికదా, పుండ్లు పెరిగాయి. ఇలాగైతే మీకేది పడుతుందో, ఏది పడదో నాకెలా తెలుస్తుంది?"

ఎవరి కడుపు గురించో చెబుతున్నట్టు విన్నాను.

భోజనమయ్యాక రోజూ నన్నడిగి ఆ నోట్‌బుక్‌లో రాసేది మా ఆవిడే. బయట బెంచీ మీద కూర్చుని పేజీలు వెనక్కి తిప్పింది.

"ఎప్పట్నుంచి అబద్ధం చెబుతున్నారు?"

"నువ్వు కాఫీ మానేసిన రోజు నుంచి."

నాకు పడనిది తనూ ముట్టనని మొదట్లోనే పట్టుబట్టింది. పాలు పోయాయి, మిరపకాయ పోయింది, వేరుశెనగ పోయింది. కాఫీ పడలేదన్న రోజు తన కప్పు కడిగి అటక మీద పెట్టేసింది. ఆ తర్వాత కడుపు ఎంత మెలిపెట్టినా నేను నోరు మెదపలేదు.

"ఇంకేం మాన్పించను నీ చేత?" అన్నాను.

పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. నా వైపు చూడలేదు.

"నేను మానలేదండీ. ఆఫీసులో రోజూ రెండు కప్పులు తాగుతూనే ఉన్నాను."