మోకాలు కనిపిస్తే చాలు

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి బెల్జియంలో, ఔడెనార్డెలోని సైకిల్ టీమ్ ఆఫీసుకి రైడరు సెప్పె వీడియో వచ్చింది. పది నిమిషాలది.

సెప్పె మోకాలికి నవంబరులో ఆపరేషనయింది. కదలకుండా బిగించిన సైకిలు మీద పది నిమిషాలు, నిమిషానికి నూట ఐదు చుట్లకు తగ్గకుండా తొక్కితే కాంట్రాక్టు ఉంటుంది. లేకపోతే అతని చోటు డెన్మార్క్ కుర్రాడికి పోతుంది.

వీడియోలో చుట్లు లెక్కపెట్టే పని వీర్లేది. సెప్పె ఆమె తమ్ముడు. అందుకని మేనేజరు లూడో కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

“నీ మీద నమ్మకం లేక కాదమ్మాయ్.”

“లేకే. కూర్చోండి బాస్.”

తెర మీద నడుము నుంచి పాదం దాకానే కనిపిస్తోంది. ముఖం అక్కర్లేదు, మోకాలు కనిపిస్తే చాలని రూలు పెట్టింది లూడోనే. చలికి మోకాళ్ల మీద ఉన్ని తొడుగులున్నాయి. వీర్లే వీడియో వేగం తగ్గించింది. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా మీట నొక్కింది. మొదటి నిమిషం నూట ఎనిమిది. చివరి నిమిషం నూట పదకొండు.

లూడో తన లెక్క చూసుకున్నాడు. అదే వచ్చింది.

“చివర్లో పెంచాడు, చూశావా? ఆ పిక్కలు చూడు, ఎంత నున్నగా గీసుకున్నాడో. మంచాన పడ్డా రేజరు వదల్లేదు. రైడరంటే అలా ఉండాలి.”

వీర్లే వీడియో ఆపేసింది.

నిరుడు అక్టోబరులో ఆడవాళ్ల టీమ్ మూసేసింది లూడోనే. అందులో ఏడేళ్లు తొక్కిన వీర్లేకి ఈ కుర్చీ చూపించాడు.

“నొచ్చుకోకు గానీ, మీవాళ్లలో ఇలాంటి కాళ్లు ఒక్క జత ఉన్నా టీమ్ మూసేవాణ్ణి కాదు.”

“ఆ రోజే చెప్పారుగా.”

లూడో ఫోన్ తీసి డెన్మార్క్ కుర్రాణ్ణి రావద్దన్నాడు. అక్కడే సెప్పె కాంట్రాక్టు మీద తన సంతకం పెట్టాడు.

కాఫీకని లేవబోతూ వీర్లే బల్ల అంచు పట్టుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

“ఐదు నెలలకే ముసలమ్మవయ్యావే. కుర్చీ బాగా ఒంటికి పట్టినట్టుంది.”

“అలవాటు తప్పింది బాస్. పాలు పోయాలా?”

“కొంచెం.”

మొన్న ఆదివారం తమ్ముడి గ్యారేజీలో కెమెరా పట్టుకున్నది సెప్పె, తొక్కింది వీర్లే.