ముత్తయ్య గుండెలో సున్నం

"నా తాపీ యాడ దాచినవ్ పిల్లా?"

కామాటిపురలోని ఇరుకు గదుల చాలీ మూడో అంతస్తు నుంచి ముత్తయ్య కేక కింద నల్లా దగ్గరి దాకా వినిపించింది. కోడలు రేణుక బియ్యం చెరగడం ఆపలేదు.

"పనికి పోవద్దని డాక్టర్ చెప్పిండు మామా."

"డాక్టర్‌కు నా తాపీతోని ఏం పని?"

అరవై ఎనిమిదేళ్ల ముత్తయ్య సున్నపు గచ్చు మేస్త్రీ. ముంబయి మొత్తం సిమెంటుపాలైనా సున్నం పట్టు తెలిసిన చెయ్యి ఇంకా ఒకటుందని ఆయనకు మహా గర్వం. వర్లిలో ఓ పాత మేడ పని ఎన్నాళ్లకో దొరికింది. దాన్ని తన చేత్తో పూర్తిచేసి మరీ తాపీ దించాలని ఆయన పంతం. అంతలోనే ఈ గుండె గోల వచ్చిపడింది.

ఆయన కొడుకు బాలయ్య ఫోరస్ రోడ్డులో బస్సు వెంట ఉరికి కుప్పకూలి పదేళ్లయింది. అది రక్తంలో వచ్చే జబ్బేమో చూసుకొమ్మని ఎవరో చెబితే తాత, ఇరవై రెండేళ్ల మనవడు బంటీ కలిసి వెళ్లి పరీక్షలు చేయించుకున్నారు. బంటీకి పెట్టింది తాత పేరే. మామ పేరు నోట పలకడమెట్లా అని రేణుక పొత్తిళ్లలోనే వాణ్ణి బంటీని చేసింది. రిపోర్టులు తేవడానికి ఆమె ఒక్కతే వెళ్లింది. "ముత్తయ్యను ఉరకనీయకండి, బరువు మోయనీయకండి" అని డాక్టరు అంటే అక్కడే బావురుమంది. రెండో రిపోర్టులో దోషమేమీ లేదన్నారు.

జబ్బు పేరు ఫోన్‌లో వెతికి, అదేమిటో ఇంట్లో విడమరిచింది బంటీయే.

"గుండెల కణం కణానికీ కాల్షియం కొట్టు ఉంటదంట తాతా. కాల్షియమంటే మన సున్నంల ఉండేదే. కరెంటు తగలంగనే తలుపు తెరుచుకుని బయటికొస్తది, కణం బిగుసుకుంటది. మల్ల దాన్ని లోపలికి తోడేస్తది, కణం వదులైతది. గట్ల కొట్టుకుంటది గుండె."

"మరి నాకేం రోగం?"

"నీ తలుపు సక్కగ పడ్తలేదు. ఉరికినా, కోపమొచ్చినా కారుతది. గుండె తాళం తప్పుతది."

"యాభై ఏండ్లు సున్నాన్ని నమ్ముకుంటే, అదే నన్ను ముంచిందారా!"

ఆనాటి నుంచి రేణుక రోజూ ఓ మాత్ర మింగిస్తోంది. దాంతో ముత్తయ్యకు కాళ్లు తేలిపోతున్నాయి. అయినా ఇవాళ తాపీ లేకుండానే టాక్సీ ఎక్కి వర్లిలో దిగాడు.

మేడ ముందు గుత్తేదారు అతుల్ ఎదురొచ్చాడు. అతనూ కామాటిపుర చాలీలో తెలుగువాళ్ల మధ్య పుట్టి పెరిగినవాడే.

"నువ్వెందుకొచ్చినవ్ కాకా? ఇంటికి పో."

"నా జాగాల ఎవణ్ణి పెట్టినవ్?"

అతుల్ పైకి చూశాడు. నాలుగంతస్తుల వెదురు పరంజా మీద, నెత్తిన సున్నపు తట్టతో ఉరుకుతున్నాడు బంటీ. వాడి నడుముకు ముత్తయ్య తాపీ వేలాడుతోంది.

సున్నం వాసనకే ముక్కు మూసుకునే వెధవ! ముత్తయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నాకు జబ్బని నీకెవరు చెప్పిండ్రు?"

"బంటీయే రిపోర్ట్ తెచ్చిచ్చిండు. తాతను ఎక్కనీయకు, ఆయన పని నేను చేస్తనన్నడు."

ఎత్తుకుని పెంచిన వాడే ఇంత ద్రోహం చేస్తాడా? కోడలు తాపీ దాచిందనుకున్నాడు గాని, బంటీ చేతికే ఇచ్చిందన్నమాట. తల్లీకొడుకులు కూడబలుక్కుని బతికుండగానే తనను పాడె ఎక్కించారు. ముసలాయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"తాతా, ఇంటికి పో! నీ గచ్చు నేను చెడగొట్టను!" పైనుంచి అరిచాడు బంటీ.

"తూ! నా నోటికాడి కూడు గుంజుకున్నవ్ కదరా!"

బంటీ మొహం మాడిపోయింది. గబగబా దిగి, మళ్లీ తట్ట నింపుకుని రెండేసి మెట్లు ఎక్కసాగాడు.

"పోరన్ని తిట్టకు కాకా," అన్నాడు అతుల్. "పొద్దున సుత కండ్లు తిరిగినయని కూసున్నడు. ఎండ పడదు గద వానికి. అయినా పని ఆపలే."

"ఆ కాగితమేదో ఇటు తే. నా పొట్టగొట్టిన కాగితం నేనూ చూస్త."

"అది ఇంగ్లీషుల ఉంది."

"అంకెలు రావా నాకు? ఇంచులు కొలిచి బతికినోణ్ణి."

అతుల్ కాగితం తెచ్చి పై వరుస మీద వేలు పెట్టి చదివాడు. "ముత్తయ్య బాలయ్య. నీ పేరు, పక్కన మీ నాయన పేరు. ఇంకేం అనుమానం?"

నిజమే, తన తండ్రీ బాలయ్యే. ముత్తయ్య కళ్లు తుడుచుకుని, కాగితాన్ని ఎండకు పట్టుకుని, పేరు కింది అంకెలు కూడబలుక్కున్నాడు.

వయసు గడిలో ఇరవై రెండు అని ఉంది.