పెద్ద డాక్టరుగారి ఉత్తరం

“మెల్లగా! ఆ మేకు ఊడొస్తుంది,” అని భార్య అంటూండగానే మేకు ఊడి కింద పడింది. పెద్దాయన మాత్రం ఫ్రేముని గుండెకి హత్తుకుని స్టూలు మీంచి క్షేమంగా దిగాడు.

“ఏం కాలేదుగా?”

“ఏం కాలేదు. అద్దం కూడా పగల్లేదు.”

“నేనడిగింది మీ నడుం గురించి.”

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఫ్రేము హాల్లో ఇంటిల్లిపాది ఫొటోల కంటే పైన వేలాడుతోంది. అందులో ఉన్నది ఆసుపత్రి పెద్ద డాక్టరు ఆయనకి రాసిన ఉత్తరం. అప్పట్లో ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజుకి మూడు పెట్టెల సిగరెట్లు ఊదేసేవాడు. డిపోలో అందరూ ‘పొగబండి’ అని పిలిచేవారు. దగ్గు ముదిరాక, ‘సిగరెట్ల గురించి మీ సందేహాలకు పెద్ద డాక్టరు స్వయంగా జవాబిస్తారు’ అన్న ప్రకటన పేపర్లో చూసి, ఇంట్లో చెప్పకుండా, అందులో ఇచ్చిన పోస్టుబాక్సు నంబరుకి ఉత్తరం రాశాడు. జవాబు డిపోకి వచ్చింది. ఆ సాయంత్రమే జేబులో పెట్టె తీసి కాలవలో పారేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ఇన్నాళ్ళకి ఆ డాక్టరు పేరుకి ముప్పొచ్చింది. ఆయన సిగరెట్ కంపెనీ మనిషని తేలడంతో, ఆసుపత్రి వార్డు మీద ఆయన పేరున్న బోర్డు పీకేస్తామంటున్నారు. రేపు పొద్దున్నే మీటింగు. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు.

“వెళ్ళకండి,” అంది భార్య, ఆరిన బట్టలు మడతపెడుతూ. పొద్దుట్నుంచీ అలా అనడం అది నాలుగోసారి. “పోయినాయన గురించి ఇప్పుడెందుకు?”

“పోయాడనే వెళ్తున్నా. ఆయన తరఫున ఆయన మాట్లాడుకోలేడుగా. నేనివాళ ఊపిరి పీలుస్తున్నానంటే అది ఆయన పెట్టిన ప్రాణభిక్ష. నీకు మొదట్నుంచీ ఆయనంటే కిట్టదు. ఒక్కనాడన్నా ఈ ఫ్రేము తుడిచిన పాపాన పోయావా?”

ఆమె ఇంకో చొక్కా అందుకుంది. ఆయన పంచె చెంగుతో అద్దం తుడుస్తూ నవ్వాడు.

“ఎంత శుభ్రంగా టైపు చేశారో చూడు. నీకంటే నయం.”

“నేనెప్పుడైనా కొట్టివేతలు పెట్టానా?”

“పెట్టలేదు. ఒక కాగితం పాడుచేసి మెమో మాత్రం తెచ్చుకున్నావు!”

ఆ మెమో వాళ్ళింట్లో పాత జోకు. టైపిస్టుగా ఉన్నన్నాళ్ళూ ఆమె పాడుచేసిన కాగితం అదొక్కటే. తర్వాత కొన్నాళ్ళకే, కూతురు కడుపులో పడ్డాక ఉద్యోగం మానేసింది. ఆ రోజులు తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ మనసు ఉప్పొంగుతుంది. గడియారాల షాపు పైన, రెండో అంతస్తులో ఆమె కిటికీ. కింద స్టాపులో బస్సు ఆపి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. పైన టైపు చప్పుడు ఆగేది. కిటికీలోంచి గాజుల చెయ్యి ఒకటి ఊగేది. అది లోపలికి వెళ్ళేదాకా కండక్టరు ‘రైట్’ అనేవాడు కాదు. అక్కడ ఏం టైపు చేసేదో మాత్రం ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆఫీసు మాటలు గడప దాటకూడదని చేరినరోజే సంతకం పెట్టించుకున్నారట.

ఇంతలో కూతురు వచ్చింది. ఆసుపత్రి లైబ్రరీలో పని ఆమెకి. కోర్టు బయటపెట్టించిన కంపెనీ పాత ఫైళ్ళు రెండు నెలలుగా ఆమే సర్దుతోంది. సంచీలోంచి జెరాక్సు కాగితాలు తీసింది.

“నాన్నా, రేపు వెళ్తే నీ పరువే పోతుంది. ఇది విను. ‘దగ్గుకీ సిగరెట్టుకీ సంబంధం రుజువు కాలేదు. నిశ్చింతగా ఉండండి.’ ఇలాంటివి రెండు వేల పైన పంపించారు. అన్నిటి కిందా పెద్ద డాక్టరు సంతకమే.”

“మరి నాది వినమ్మా,” అంటూ ఆయన ఫ్రేము చూడకుండానే చదివాడు. “‘ఈ ఉత్తరం మడిచేలోపు సిగరెట్లు పారేయండి. మీ దగ్గు విని కంటిమీద కునుకు లేని మనిషి మీ ఇంట్లో ఒకరున్నారు.’ నాకు పెళ్ళయిందని కూడా నేను రాయలేదే! డాక్టరంటే అలా కనిపెట్టాలి. సంతకం ఆయనదేనా కాదా, నువ్వే చెప్పు.”

కూతురు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. “ఆయనదే.”

“చూశావా? అందరికీ అబద్ధం చెప్పినవాడు నాకొక్కడికే నిజం చెప్పాడంటే లోపల ఎంత నలిగిపోయాడో!” పెద్దాయన కళ్ళు చెమర్చాయి.

“ఆ రెండు వేలమందీ ఏమయ్యారో,” అంది భార్య, ఎవరినీ చూడకుండా.

“ఆయన నలిగిందేం లేదు నాన్నా. ఆ ఉత్తరాలు ఆయన కంటితో కూడా చూడలేదు. తన పేరున్న ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి, కట్టలుకట్టలుగా కంపెనీకి ఇచ్చేసేవాడు. వాళ్ళు వేరే పేరుతో ఒక ఆఫీసు పెట్టి, సంతకం పైన ఆ మాటలు టైపు చేయించేవాళ్ళు. ఒక్క కాగితం తగ్గినా టైపిస్టులు సంజాయిషీ చెప్పుకోవాలట.”

ముప్పై ఎనిమిదేళ్ళు మనసులో దణ్ణం పెట్టుకున్న మనిషి ఒక్క మాటతో మాయమైపోయాడు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

“మరి నాకిది రాసిందెవరే?”

“అదే అర్థం కావట్లేదు.”

“ఎక్కడుండేది ఆ ఆఫీసు?”

కూతురు కాగితాలు తిరగేసింది. “రెండో అంతస్తు... గడియారాల షాపు పైన...” అంటూ మధ్యలోనే ఆగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు. ఆమె ఆఖరి తువ్వాలు మడతపెట్టి, దొంతర మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

“ఆ కాగితం పాడవలేదండీ,” అంది.