రేడియేటర్‌కు బిందెడు నీళ్ళు

1954 మే నెల, ఒక సోమవారం సాయంత్రం, మరునాడు వేలానికి పెట్టిన పాత పికప్ లారీ రేడియేటర్‌లో అక్కమ్మ బిందెడు నీళ్ళు పోసింది. ఆ బండి కదలక రెండేళ్ళయింది.

కొందామని ఇంజను చూస్తున్న ఓబులేసు పక్కకు జరిగాడు.

“నిలబడిన బండికి నీళ్ళెందుకక్కా? ఊర్లో తాగేదానికే లేవు.”

“మా ఇంటాయన దీని డ్రైవరు. కరువులో కుందుర్పికి గంజి తోలతాంటే నడి దావలో ఇంజను కాగినాది. తాను తాగే నీళ్ళు దీనికి పోసినాడు. గంజి చేరినాది. ఆయప్ప ఎండదెబ్బకు సీట్లోనే పోయినాడు. అప్పట్నుంచి వారం వారం పోస్తాండా. మళ్ళా వచ్చేతలికి చుక్క ఉండదు.”

“కారుతాండాదేమో.”

“నా మాట నమ్మొద్దులేప్పా. కొనేవాడివి, చూసుకో.”

ఓబులేసు బండి కిందికి దూరి గొట్టాలన్నీ తడిమాడు. ఎక్కడా చీలిక లేదు. ఇప్పుడే నింపినా ఒక్క చుక్క కారలేదు. కింద దుమ్ము పొడిగా ఉంది.

“రేపు ఎవురో ఒకరు తోలుకపోతారు. ఇంక ఆయప్పకు నీళ్ళు ఎవురిస్తారు?” అంది అక్కమ్మ.

ఓబులేసు లేచి చేతులు దులుపుకున్నాడు.

వేలం మంగళవారం పదింటికి. పాట తనకు దక్కితే, బండి కదిలేముందు రెండు బిందెల నీళ్ళు తానే తెచ్చి పోస్తానని ఆమెతో చెప్పాడు.

ఇంజనుకు ఒక బిందె చాలు.