పదివేల పందెం

"మడ్డి అన్నమాటే లేదు సార్. ఇంజన్ లోపలంతా తోమిన గిన్నెలా ఉంది."

ఫోన్ స్పీకర్లోంచి మెకానిక్ మాట వినబడగానే కోడలు మడతపెడుతున్న దిండుగలీబును గుండెలకు హత్తుకుంది. ఆమె భర్త ఫోన్‌ను గెలిచిన కప్పులా పైకెత్తి పట్టుకున్నాడు. కుర్చీలో మామగారి ముఖానికి అడ్డంగా ఉన్న పేపరు మాత్రం కిందికి దిగలేదు.

"తీసిన ఆయిల్ కూడా పదివేల కిలోమీటర్లు తిరిగినదానిలా లేదు సార్. ఇంకా పనికొచ్చేలా ఉంది" అన్నాడు మెకానిక్.

"కొత్తరకం ఆయిల్ మరి" అన్నాడు భర్త, తనే తయారుచేసినంత గర్వంగా.

ఆమె కాపురానికి వచ్చిన వారంలోనే మొదలైంది ఈ పందెం. మామగారు అచ్చాపీసులో ప్రింటింగ్ మెషీన్లు నడిపి రిటైరైన మనిషి. అయిదువేల కిలోమీటర్లు దాటితే ఇంజన్‌లో ఉండేది నూనె కాదు, మసి అంటారాయన. కారు తాళాలు కొత్త జంట చేతిలో పెడుతూ ఆ ఒక్క షరతే పెట్టారు.

"కంపెనీవాళ్ల పుస్తకంలో పదివేలని ఉంది నాన్నా. మీ కాలం నూనె వేరు" అన్నాడు కొడుకు.

"ఆ పుస్తకం రాసినవాడు బండి తోసుకుంటూ ఇంటికి రాడు కదరా."

మాటా మాటా పెరిగింది. చివరికి అత్తగారు మధ్యలో దూరి తీర్పు చెప్పారు. పదివేలు తిరిగేదాకా ఆయిల్ మార్చకూడదు, మామగారు బానెట్ ముట్టుకోకూడదు. ఆ తర్వాత మెకానిక్ ఇంజన్ పైమూత తీసి చూస్తాడు. మడ్డి పేరుకుని ఉంటే తాళాలు తిరిగి మామగారి గదిలో గోడ మేకుకు చేరతాయి. శుభ్రంగా ఉంటే ఆయన కొడుకు పక్క సీట్లో కూర్చుని, నోరు విప్పకుండా, సముద్రం దాకా రావాలి. ఇంకొకరు నడిపే కారులో ఆయన ఏనాడూ కూర్చోలేదు.

ఓడితే మళ్లీ స్టీరింగ్ ముట్టనన్నాడు కొడుకు. అన్నంత పనీ చేసే రకమని ఆమెకు అప్పటికే తెలుసు. పెద్దలు కుదిర్చిన పెళ్లి కాబట్టి వాళ్లిద్దరూ అసలు పరిచయమైందే ఆ ముందు సీట్లలో. అతనికి వాన వాసన ఇష్టమనీ, పాడితే శ్రుతి తప్పుతుందనీ, మలుపు తిరిగాక గేరు మీంచి తీసిన చెయ్యి తిన్నగా ఆమె చేతి మీదికే వస్తుందనీ అక్కడే తెలిసింది. చిన్నప్పటి నుంచీ క్యారమ్స్‌లో కూడా నాన్నను ఒక్కసారైనా గెలవలేదని అతను చెప్పిందీ అక్కడే. పిల్లాడు కదా అని వదిలేసే మనిషి కారట. ఏడ్చినా సరే, మళ్లీ పావులు పేర్చమనేవారట.

మీటరు అయిదువేలు దాటిన రోజు నుంచీ ఆమెకు కారెక్కితే గుండె పీచుపీచుమనేది. ఇంజన్ కాస్త గుర్రుమన్నా మేకుకు వేలాడే తాళాలే కళ్ల ముందు మెదిలేవి. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"పోనీ, మావయ్యకు తెలియకుండా మార్పించేద్దామా?"

"దొంగగెలుపు నాకొద్దు" అన్నాడతను.

ఇప్పుడు ఆ భయమంతా ఒక్క ఫోన్‌తో ఎగిరిపోయింది.

పేపరు మెల్లగా మడతపడింది. "ఓడిపోయాన్రా" అన్నారు మామగారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ముక్క ఆయన నోట వినడం ఇదే మొదలని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఎగిరి గంతేస్తాడనుకున్న భర్త గొంతు ఎందుకో తగ్గిపోయింది. "ముందు సీటు కాస్త వెనక్కి జరుపుతాను నాన్నా. మీ నడుముకి హాయిగా ఉంటుంది" అన్నాడు.

ఆ నడుమునొప్పి వానాకాలం నాటిది. కొడుకు, కోడలు, అత్తగారు ముగ్గురూ రైల్లో కోడలి పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి మామగారు మంచం మీద ఉన్నారు. పూలకుండీ ఎత్తబోతే పట్టేసిందన్నారు.

"కారూ ఇల్లూ చూసుకుంటానని ఉండిపోయారు. తన నడుమూ పట్టేసుకున్నారు, నా నీలం టబ్బూ పోగొట్టారు. ఏం కాపలానో" అన్నారు అత్తగారు. బట్టలు నానబెట్టుకునే ఆ టబ్బు పేరు ఆవిడ ఇంకా వారానికోసారైనా తలుచుకుంటూనే ఉన్నారు.

మామగారు ఆ మాట విననట్టు గొంతు సవరించుకున్నారు. "రేపు పొద్దున్నే సముద్రానికి బయల్దేరుతున్నాం. నేను నోరు విప్పను. కానీ ఎదురుగా లారీ వస్తే నా కాలు బ్రేకు తొక్కుతుంది. దాన్ని మాత్రం ఆపలేను."

"మీ వైపు బ్రేకు ఉండదు నాన్నా."

"ఉందనుకుని తొక్కుతానులే."

అందరూ నవ్వారు. కోడలికి సముద్రం అప్పుడే వినిపిస్తున్నట్టుంది. ఏ చీర కట్టుకోవాలో, ముందు సీటు మావయ్యకు ఇచ్చాక వెనక నుంచి భర్త భుజం ఎలా గిల్లాలో కూడా ఆలోచించేసుకుంది. ఇసుకలో పాతే పెద్ద గొడుగు పెరటి షెడ్డులో ఉందని గుర్తొచ్చి లేచింది.

"గొడుగు నేను తెస్తాలే అమ్మాయ్" అంటూ మామగారు నడుం పట్టుకుని గబుక్కున లేవబోయారు.

"మీరు కూర్చోండి మావయ్యా. రేపు చాలాసేపు బ్రేకు తొక్కాలి" అని నవ్వుతూ ఆమె పెరట్లోకి పరిగెత్తింది.

గొడుగు మూలన గోనెసంచుల వెనక ఉంది. సంచులు జరిపితే గొడుగు పక్కనే, చెక్కపలక మూతేసి, అత్తగారి నీలం టబ్బు కనబడింది. ఇవాళ అన్నీ మంచి కబుర్లేననుకుంటూ, అత్తయ్యకు చూపిద్దామని పలక తీసింది.

టబ్బులో నల్లగా పాత ఇంజన్ ఆయిల్ ఉంది.