తొలిచూపు

పొద్దుగూకింది. ఆళ్లగడ్డలో ఈశ్వరయ్య శిల్పాల కొట్టంలో, ఎదుట కండ్లు కనబడితే పలకరించే కంప్యూటర్ అద్దానికి నంద్యాల నుంచి వచ్చిన శ్రీహరి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాడు.

“పాత పలకరింపు మాత్రం పోగొట్టొద్దప్పా. సచ్చిపోయిన మా పిల్లోడు రాసింది,” అని చెప్పి ఈశ్వరయ్య అన్నానికి పోయినాడు.

అద్దం వెలిగింది. ‘రా అన్నా, కూచో.’

పాతది పోలేదు. శ్రీహరి ఊపిరి పీల్చుకున్నాడు.

దాని కింద ఇంకోటి వెలిగింది. ‘రామ్మా, కూచో.’

కొట్టంలో ఇంకెవరూ లేరు. వెనక అమ్మవారి విగ్రహం, అంతే. సన్నగా రాతిపొడి రాలిన చప్పుడైంది.

ఈశ్వరయ్యకు ఫోన్ చేశాడు. “అన్నా, అమ్మవారికి కండ్లు చెక్కినారా?”

“యాడప్పా, రేపు గదా! తొలిచూపు అద్దమ్మీదే పడాల. మనిషి మీద పడితే వాడు మిగల్డు. ఏమి?”

అద్దానికీ అమ్మవారికీ నడుమ శ్రీహరే నిలబడి ఉన్నాడు.