పై దీపం

గుడి తలుపులు మూయబోతున్న పూజారి శేషాచార్యులకు మంగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“జర ఆగు అయ్యగారూ! నర్సింహసామిని సూసి పోత.”

“వేళ దాటింది నాయనా. మళ్లీ సాయంత్రమే.”

“అందాక నేను ఆగలేను.”

అతని భుజం మీద గొంగట్లో చుట్టిన ఆరేళ్ల కూతురు ఉంది. తల తండ్రి మెడ మీదికి వాలిపోయింది. పూజారి మెత్తబడ్డాడు.

“జ్వరమా?”

“రాత్రి దాంక ఒళ్లు కాలిపోయింది. ఇప్పుడు సల్లబడ్డది.”

“దవాఖానకు తీసుకుపోలేకపోయావా?”

“మిర్యాలగూడకే బయలెల్లినం. తొవ్వల రజాకార్లు బండి మర్లగొట్టిన్రు. ఇగ ఈ వాడపల్లి తప్ప ఏ దిక్కూ లేకపాయె.”

వెనకే వచ్చిన అతని భార్య సోమమ్మ చేతులు చాచింది.

“పొద్దుగాల సంది నువ్వే మోస్తున్నవ్. బిడ్డను జరసేపు నాకియ్యరాదు?”

“నిద్రల ఉన్నది, లేపకు. నువ్వు రేవుకు పోయి చెంబెడు నీళ్లు తే. లేస్తే తాగుతది.”

‘లేస్తే’ అన్న మాటకే ఆమె ముఖం తేటపడింది. కాళ్లు కాలుతున్నా మూసీ కృష్ణలో కలిసే చోటికి గబగబా మెట్లు దిగిపోయింది.

గర్భగుడిలో రెండు దీపాలు వెలుగుతున్నాయి. శేషాచార్యులు హారతి ఇచ్చి, వచ్చిన వాళ్లందరికీ చెప్పేదే చెప్పాడు.

“పాదాల దగ్గరి దీపం చూడు, కదలదు. పైది స్వామి ముక్కు ఎదుట ఉంది. ఎట్లా అల్లాడుతోందో చూశావా? లోపలికి గాలి చొరబడే సందే లేదు. అది స్వామి ఊపిరి.”

మంగయ్య రెప్పవాల్చకుండా ఆ మంటనే చూశాడు.

“మన చేతికి తెల్వనంత సన్నటి ఊపిరైనా దీపానికి తెలుస్తదా అయ్యగారూ?”

“తెలుస్తుంది నాయనా.”

బయట మెట్ల మీద సోమమ్మ అడుగుల చప్పుడు వినిపించింది. మంగయ్య గబుక్కున కూర్చుని పిల్లను నేల మీద పడుకోబెట్టాడు. గొంగడి తొలగించాడు.

“దీని తల్లి వచ్చేలోపల ఆ దీపం ఒక్కసారి నా బిడ్డ ముక్కు కాడ పెట్టు అయ్యగారూ... పొద్దుగాల సంది నాకు తెలుస్తలేదు.”